ఫిరంగుల వారి ఇనాం

ఫిరంగుల భీమయ్య రేపు చచ్చి ఏ లోకానికి పోయినా, అక్కడ గూడ ఒక పుస్తకం అచ్చేసి, పక్కవాని చేను రాసిచ్చి, శాలువా కప్పించుకుంటడని మల్లన్న నమ్మకం.

ఇద్దరిదీ ఆత్మకూరు దగ్గర ఒకటే ఊరు. అన్నదమ్ముల కొడుకులు. భీమయ్య రిటైరైన పంతులు, ఈదమ్మ గుడి కమిటీకి పెద్ద. మల్లన్న నాలుగో తరగతిల బడి మానినోడు; సంతకం వరకు వచ్చు.

రెండువేల నాలుగుల భీమయ్యకు వంశ చరిత్ర పురుగు కుట్టింది.

"తమ్మీ, మన ఇంటిపేరంటే ఏమనుకున్నవ్? గద్వాల కోటల ఫిరంగి పేల్చింది మన ముత్తాత. వనపర్తిల మదమెక్కిన ఏనుగును తోక పట్టి ఆపింది ఆయన అన్న. నాగర్‌కర్నూల్ల కరువొస్తే బాయి తవ్వించింది వాళ్ళ చెల్లె."

"ఒక్క ఇంట్లనే గింతమందా అన్నా? మరి మనమెందుకు గిట్ల మిగిలినం?"

ఎగతాళి చేసిండు గానీ, మల్లన్నకు కడుపు చల్లగైంది. జగడమైతే చాలు, పొరుగింటి పుష్పమ్మ "మీ ముత్తాత పేల్చిన ఫిరంగి లేదు, పాడు లేదు. ఆయనకు ఫిరంగి రోగం తగిలింది, గందుకే ఆ పేరు" అని వాడంతా వినేటట్టు అనేది. ఆ రోగం ఏ సాని ఇంట్ల అంటుకుంటదో తెలిసిన ముసలోళ్ళు తల వంచుకొని నవ్వేటోళ్ళు. వంశ చరిత్ర అచ్చుల పడితే ఆ నోరు మూతపడ్తదని మల్లన్న ఆశ.

పుస్తకం అచ్చయినంక గుడి ముందట షామియానా వేసిండ్రు. భీమయ్య మైకుల చదువుతుంటే అది సగం మాట మింగి సగం కక్కుతున్నది. "తూర్పు చేను... ఇనాం..." అని వినబడంగనే మల్లన్న అందరికంటె ముందు చప్పట్లు కొట్టిండు. ఆ చేను తాతకు రాజు ఇనామిచ్చిందని నాయిన పొద్దుమాపు చెప్పేటోడు. పంపకంల వచ్చిన ఆ చేనే మల్లన్న బతుకంతా. భీమయ్యకు శాలువా కప్పిండ్రు. మల్లన్నను ఒక కాయితం మీద సంతకం పెట్టమంటె గర్వంగ పెట్టిండు.

నెల తిరగకముందే కమిటీ చేనుకాడికి వచ్చింది. పుస్తకం తెరిచి చదివిండ్రు: "మా తాత తూర్పు చేనును ఈదమ్మ గుడికి ఇనాముగా ఇచ్చినాడు."

"అన్నా, రాజు మనకు గదా ఇచ్చింది!"

"ఇనాం అంటే ఇచ్చుడే గద తమ్మీ. చప్పట్లు కొట్టింది నువ్వు, సంతకం నీది. అమ్మవారితోటి కొట్లాడ్తవా?"

పట్టా ఇంకా తాత పేరు మీదనే ఉండె, మల్లన్న పేరు మీదికి మారలే. ఊరంతా ఈదమ్మకు భయపడి భీమయ్య దిక్కే నిలబడ్డది.

"పుష్పమ్మ చెప్పిన రోగమే నయముండె," అన్నది మల్లన్న పెండ్లాం రాములమ్మ. "దానికి దవాఖానల మందన్న దొరుకుతుండె."

ఆ యేడే గుడి మాన్యమైన ఆ చేనును కౌలుకు వేలం పాట పెట్టిండ్రు. పాడినోడు భీమయ్య ఒక్కడే. ఇప్పుడు అండ్ల పల్లికాయ పండిస్తుండు. పుస్తకం రెండోసారి అచ్చయింది, దాత వంశీకుడని మల్లన్న ఫోటో గూడ వేసిండ్రు. ఫోటో కింద దానం లెక్క తప్పు లేకుండ రాసిండ్రు: సర్వే నంబరు నూట పన్నెండు, ఎకరా పద్నాలుగు గుంటలు.