షాంఘై వీధి తిండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బంగార్రాజు నోరు చెడ్డదేం కాదు. దానికి తలుపు లేదు, అంతే.

సరుకు ఓడలో కలాసీగా తిరిగి తిరిగి, యాభై ఒకటిలో అతను చోడవరం చేరేసరికి భార్య అప్పలనరసమ్మ రోడ్డు పక్కన పూటకూళ్ల పాక నడుపుతోంది. అనకాపల్లికి బెల్లం తోలే బళ్లవాళ్లు అక్కడే ఎడ్లు విప్పి అన్నం తినేవారు. మొగుడు సముద్రాల మీద ఉన్నన్నాళ్లూ ఆమెను బతికించింది ఆ పాకే.

బళ్లవాళ్ల ముందు కూర్చుంటే చాలు, బంగార్రాజుకు షాంఘై పూనేది.

"అర్ధరాత్రప్పుడు ఆ ఈదిలో ఇసకేస్తే రాలదు. ఈ సివర్నించి ఆ సివరికి హోటళ్లే, రంగురంగుల దీపాలే. పెనాల కింద మంట నిలువెత్తు లేస్తాది. బతికున్న పాముని మన కళ్ల ముందే కోసి పులుసెడతారు."

"నువ్వు తిన్నావేటి?" అని ఒకడు అడిగాడు.

"తినక? సొరసేప ముక్కలాగుంటాది."

నిజానికి ఆ వీధి మొగలోనే వాసనకు ముక్కు మూసుకుని వెనుదిరిగి, ఓడకు పోయి గంజన్నం తిని పడుకున్నాడు. ఆ సంగతి పెళ్లానికొక్కదానికే చెప్పాడు. వినేవాళ్లు నోళ్లు తెరిచేసరికి వద్దన్నా మాట పొంగింది.

వారం తిరక్కుండా బళ్లు పాక దగ్గర ఆగడం మానేశాయి. పాము తిన్న చెయ్యి తగిలిన కుండలో కూడు ఎవరు తింటారు?

కులపెద్ద గణపతిరావు మంచి మనిషే. పదిమందినీ కూర్చోబెట్టి అడిగాడు.

"తిన్నావా, లేదా? తినలేదంటే రేపే నేనొచ్చి మీ పాకలో మొదటి ముద్ద తింటాను. తిన్నానంటే మాత్రం ఆ పొయ్యి మీది మెతుకు మనోళ్లెవులూ ముట్టరు."

పెళ్లాం సాక్ష్యం అక్కడ చెల్లదు. అప్పలనరసమ్మ మొగుడి మొహంలోకే చూస్తూ నిలబడింది. లేదని ఒక్క ముక్క అంటే చాలు. కానీ దాంతోపాటు కోతలు కోశానని కూడా ఒప్పుకోవాలి. ఆ బళ్లవాళ్లే ముందు వరసలో కూర్చున్నారు.

"ఈడు షాంఘై సూసేడో, ఇసాపట్నం రేవే దాటలేదో," అని వాళ్లలో ఒకడు మీసాల చాటున నవ్వాడు.

"తిన్నాను," అన్నాడు బంగార్రాజు. "రెండు మార్లు."

అనేశాక ప్రాణం ఉసూరుమంది. వెనక్కి తీసుకుందామంటే నోరు పెగల్లేదు. ఎప్పుడూ ఆగని నోరు అప్పుడే మూతపడాలా? ఆ ఒక్క మాటకు అతను బతికినన్నాళ్లూ ఏడ్చుకున్నాడు.

మర్నాడు అప్పలనరసమ్మ గుండిగలు బోర్లించి, బుచ్చయ్యపేటలో చెరుకు నరకడానికి కూలికి బయల్దేరింది. బంగార్రాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒసే, ఇప్పుడే ఎల్లి నిజం సెప్పేస్తాను."

"ఇప్పుడెవులు నమ్ముతారు?" అంది ఆమె, కత్తి చేతికి తీసుకుంటూ. "నువ్వు నిజంగా పాము తినొచ్చినా ఇంత బాదపడకపోదును. తినకుండానే నా పొయ్యి ఆర్పేసేవు."