పనికి, రాను మధ్య ఖాళీ

విమానం దిగిన దగ్గర్నుంచీ పళ్ళమ్మాయి గడియారం చూస్తూనే ఉంది. టైము తొమ్మిదిన్నర. పరీక్ష రెండింటికి. ఇక్కణ్ణుంచి కాలేజీకి ముప్పావు గంట. ఎన్నిసార్లు లెక్కేసుకున్నా టైము సరిపోతూనే ఉంది, కాళ్ళే ఒక చోట నిలవడం లేదు. కాలుగాలిన పిల్లిలా పాస్‌పోర్టుల క్యూలో ఉన్నచోటే తిరుగుతోంది. ముందున్నాయన విసుగ్గా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పళ్ళమ్మాయంటే పళ్ళు అమ్మే పిల్లనుకునేరు, కాదు. కట్టుడుపళ్ళు తయారుచేసే చదువు చదువుతోంది. ఆ కోర్సు పేరు నోరు తిరక్క ఇంట్లో బాబాయిలు తగిలించిన పేరది. ఆ పేరే నిన్న కొంప ముంచింది. బయల్దేరేచోట సెక్యూరిటీ ఆయన బ్యాగు పట్టుకుని, "డబ్బాలో ఏముందమ్మా?" అన్నాడు. ఈ పిల్ల తడుముకోకుండా "పళ్ళండీ" అంది. "పళ్ళు లోపలికి తీసుకెళ్ళకూడదమ్మా, ఇక్కడే తినేసి వెళ్ళండి" అన్నాడాయన, ఎంతో దయగా. తినేదేమిటి! ఆయనే మూత తీశాడు. పైవరస, కిందివరస రెండూ మైనపు చిగుళ్ళతో సహా ఆయన మొహంలోకి ఇకిలించాయి. "ఓర్నాయనో!" అని డబ్బా వదిలేశాడు. పైవరసలో ముందుపన్ను ఊడి బల్ల కిందకి దొర్లింది. పాపం, ఆయనే వంగి వెతికి, కాగితంలో చుట్టి, సారీ చెప్పి మరీ ఇచ్చాడు.

ఆ పన్ను ఇప్పుడు కోటు జేబులో ఉంది. పరీక్షలో ఈ సెట్టే పూర్తిచేసి చూపించాలి. పోయినసారి ఇదే పరీక్షలో పైపళ్ళూ కిందిపళ్ళూ కలవలేదు, తప్పింది. ఇది రెండోసారి. మూడోసారి అంటూ లేదు. ఇవాళ రెండింటికి ఆ బల్ల ముందు కూర్చోకపోతే సీటు పోతుంది, సీటుతో పాటు ఈ దేశంలో ఉండే అనుమతి కూడా పోతుంది. అసలు ఆ అనుమతి పొడిగించుకోవడానికే పనిగట్టుకుని ఇంటికి వెళ్ళొస్తోంది. ముద్ర సొంత దేశంలోనే వేయించుకోవాలట. ఎవరు పెట్టారో ఈ రూలు, వాళ్ళ నోట్లో ఒక్క పన్నూ మిగలకూడదని పళ్ళమ్మాయి దారంతా శపిస్తూనే వచ్చింది.

కౌంటర్లో కూర్చున్న ఆఫీసరావిడ మెళ్ళో గొలుసుకి కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. అద్దాలు పెట్టుకుని పాస్‌పోర్టు చూసి, అద్దాలు తీసి మనిషిని చూసింది.

"ఎక్కడ ఉంటావు?"

"మా అక్క ఇంట్లో. బయట నాకోసం చూస్తోంది."

ఆవిడ మళ్ళీ అద్దాలు పెట్టుకుంది. "తోబుట్టువులు లేరని రాశావే?"

"లేరండీ. ఒక్కదాన్నే."

"మరి అక్క?"

"మా పెద్దమ్మ కూతురు."

ఆ వరసకి ఆవిడ భాషలో వేరే మాట ఉంది. పళ్ళమ్మాయికి తెలియక కాదు. కానీ జడలు వేసి, ముక్కు తుడిచి, వీపు మీద మోసిన మనిషిని అక్క అనక ఇంకేమనాలి? పోనీ పెద్దమ్మనన్నా సరిగ్గా చెప్పిందా అంటే అదీ లేదు. కంగారులో మాటకి మాట మార్చి 'మా పెద్ద అమ్మ' అనేసింది. ఆవిడ ఫారం వైపు చూసింది. ఇద్దరమ్మలు, లేని అక్క, పైగా ఆ లేని అక్కకి బట్టలు కుట్టే కొట్టు. కొట్టు సంగతి ఫారంలోనే ఉంది.

"పక్క గదిలో కూర్చో. ఫోను ఇలా ఇవ్వు" అంది.

ఆ గదిలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, గోడ మీద గడియారం. ఆ గడియారం చప్పుడు చెయ్యదు, అదింకా ప్రాణం తీసింది. పదీ పది. పదిన్నర. పదకొండు. పళ్ళమ్మాయి లేచింది, కూర్చుంది, కుర్చీ మారింది. కోటుకి గుండీ ఊడిపోయినచోట గుచ్చుకున్న పిన్నీసు తీసింది, పెట్టింది. ఎవరో ఇచ్చిన వేడి టీ తాగబుద్ధి కాలేదు. అలవాటైన చేతులు ఊరుకుంటాయా? డబ్బా తీసి, పిన్నీసు మొన టీలో ముంచి వేడిచేసి, దాంతో మైనాన్ని మెత్తబరిచి ఊడిన పన్నుని దాని చోట నిలబెట్టింది. చల్లారేలోగా వేలితో సరిచేసింది. ఆ పది నిమిషాలూ గడియారం గుర్తు రాలేదు.

పదకొండుంబావుకి ఆఫీసరు ఒక కాగితం, బల్ల మీద పెట్టే ఫోనూ పట్టుకొచ్చింది. పళ్ళమ్మాయి ఫోన్లో ఉన్న మాటల్ని యంత్రం ఏవో మూడు నెలల కిందటివి ఏరి, వాళ్ళ భాషలోకి మార్చిందట. ఆవిడ పైకి చదివింది.

"నువ్వు రాసింది: 'అక్కా, నేను పనిలోకి రాను.' దానికి జవాబు: 'నోరు ముయ్యి. నువ్వు పనిలోకి రాకపోతే ఇంకెవరొస్తారు? పొద్దున్నే ఆరింటికి లేచి కూర్చో. మళ్ళీ ఈ మాట అన్నావంటే నిన్ను చంపుతాను.'" కాగితం కిందపెట్టింది. "నిన్నెవరన్నా బెదిరించి పని చేయిస్తున్నారా? భయం లేదు, చెప్పు."

"అయ్యో, కాదండీ! అది పని కాదు, అదీ..." అంతే, రెండేళ్ళుగా నేర్చుకున్న భాష గాలికి పోయింది. పనికిరాను అన్న మాటని ఆ భాషలో ఏమంటారో ఎంత గింజుకున్నా నోటికి రాలేదు. ఆవిడకి నిజంగానే జాలి వేసినట్టుంది, అదే మరీ ప్రమాదంగా ఉంది. కోపమైతే కాళ్ళు పట్టుకోవచ్చు. జాలిపడి కాపాడతామని పట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలి?

ఆవిడ దుబాసిని ఫోన్లోకి పిలిచింది. స్పీకర్లోంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. "నమస్కారమమ్మా. వాళ్ళన్నది నీకు, నువ్వన్నది వాళ్ళకి చెప్తాను. సొంత మాట కలపను. సరేనా?"

నిన్నట్నుంచి బిగబట్టుకున్న ఏడుపు ఆ 'అమ్మా' అన్న పిలుపుకి తన్నుకొచ్చింది. "అలాగేనండీ" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

ఆఫీసరు ఆ వాక్యం బొమ్మ తీసి పంపింది. దుబాసి దాన్ని రెండుసార్లు పైకి చదువుకుంది. తర్వాత ఇద్దరికీ రెండు భాషల్లో చెప్పింది. "కలిపి రాస్తే, నేను ఎందుకూ కొరగాను అని. విడదీసి రాస్తే, పనిలోకి రాను అని కూడా అవుతుంది. ఇక్కడ మధ్యలో ఖాళీ ఉంది."

"ఫోనే విడగొట్టిందండీ! పరీక్ష తప్పిన రోజు రాశాను. నేనెందుకూ పనికిరానని. ఆరింటికి లేవమన్నది మళ్ళీ చదువుకోవడానికి!" చెప్పుకోవాలా ఈ సంగతి, ఇక్కడ, ఇలా!

"మరి చంపుతాననడం?" అంది ఆఫీసరు. "మీ భాషలో అది బెదిరింపు కాదా?"

"అభిప్రాయం అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను" అంది దుబాసి. "మా అమ్మ నన్ను రోజుకి రెండుసార్లు చంపేస్తాననేది. నాకు అరవై నిండాయి."

ఆఫీసరు నవ్వలేదు. అక్క నంబరు కూడా అదే ఫోన్లో కలిపింది. పన్నెండు దాటింది.

బయట అక్క రెండు గంటలుగా నిలబడి ఉంది. హారన్ల మధ్య అరిచినట్టు మాట్లాడింది. "హలో! ఎవరూ? అది ఎక్కడుందండీ?"

దుబాసి తన పద్ధతిలోనే అడిగింది. "ఆఫీసరుగారు అడుగుతున్నారండీ. మీ చెల్లెలు మీ కొట్లో పనికి వస్తుందా?"

ఆ హారన్లలో అక్క చెవిన 'కొట్లో' పడనేలేదు. "పనికొస్తుందా ఏమిటి! పనికిరాదని ఎవరండీ అన్నది?"

దుబాసి ఉన్నదున్నట్టు చెప్పింది. పనిలోకి రాదని ఎవరన్నారు అని! ఆఫీసరు పెన్ను గబగబా కదిలింది. పళ్ళమ్మాయి నెత్తిన చేతులు పెట్టుకుంది. అయిపోయింది, అక్కే రాసిచ్చేసింది. ఆపుదామని నోరు తెరిస్తే ఆఫీసరు వేలెత్తి వద్దంది.

అక్క మాత్రం ఆగలేదు. "మా అమ్మమ్మ పళ్ళసెట్టు రెండు ముక్కలైతే కూర్చుని అతికించిందండీ అది! ఆ పళ్ళతో ఆవిడిప్పుడు వేరుశెనక్కాయలు నములుతోంది. ఒక్కసారి పరీక్ష పోతే పనికిరాకుండా పోతుందా? దాని చేతుల్లాంటి చేతులు మా ఇంటావంటా లేవు. ఆ మాటన్నవాళ్ళని ఒకసారి ఫోన్లోకి రమ్మనండి!"

పళ్ళమ్మాయి తల దించుకుంది. అక్క నోటివెంట తిట్లు వినడం అలవాటే. తన గురించి ఇంత మంచిమాట మాత్రం పుట్టి బుద్ధెరిగి వినలేదు. కన్నీళ్ళు టపటపా డబ్బా మూత మీద పడ్డాయి.

ఆఫీసరు చివరి ప్రశ్న వేసింది. దుబాసి ఈసారి ఒక్కో మాటా విడమర్చి అడిగింది. "మీ దగ్గర బట్టలు కుడుతుందా అండీ?"

"కుట్టడమా!" అక్క నవ్విన నవ్వుకి స్పీకరు గరగరలాడింది. "దానికి గుండీ కుట్టడం రాదండీ! సూదిలో దారం ఎక్కించమంటే ఏడుస్తుంది. కుట్టుపనికి అసలు పనికే రాదు. కావాలంటే దాని కోటు చూడండి, ఊడిన గుండీ నేను కుడితే గానీ కుట్టుకోదు, పిన్నీసుతోనే తిరుగుతూ ఉంటుంది."

దుబాసి చెప్పింది. ఆఫీసరు అద్దాలు పెట్టుకుని కోటు చూసింది. పిన్నీసు. దాని మొనకి ఇంకా కాస్త గులాబిరంగు మైనం. అక్కణ్ణుంచి ఆవిడ చూపు బల్ల మీది పళ్ళమీదికి వెళ్ళింది. పైవరస ఎత్తి కిందివరస మీద పెట్టి చూసింది. రెండూ టక్కున కలిశాయి. అప్పుడు నవ్వింది, పెదాలు బిగబట్టుకుని, ఉద్యోగానికి ఎంత తగునో అంతే. పాస్‌పోర్టు మీద ముద్ర పడింది.

ఆవిడ కాగితాలు సర్దుకుంటుంటే దుబాసి గొంతు మళ్ళీ వినిపించింది. "అమ్మా, ఇది అనువాదం కాదు, నా సొంత మాట. ఆ ముక్క ఇంకెప్పుడూ కలిపీ రాయకు, విడదీసీ రాయకు." పళ్ళమ్మాయి జవాబు చెప్పేలోగా ఫోను పెట్టేసింది.

టాక్సీ ఎక్కేసరికి ఒంటిగంటా ఐదు. ఎక్కీ ఎక్కగానే అక్క సంచీలోంచి సూదీ దారం తీసి, "ఇలా తిరగవే" అని కోటు గుండీ పనిలో పడింది.

"ఇంతకీ నువ్వు పనికిరావన్నది ఆ ఆఫీసరేనా? నిజం చెప్పు. రేపొచ్చి కడిగేస్తా."

"ఆవిడ కాదక్కా."

"మరెవరు? ఆ ఫోన్లో ఆవిడా?"

"నేనే. మూడు నెలల కిందట నీకే రాశాను. గుర్తులేదూ?"

సూది ఆగిపోయింది. అక్క కళ్ళు ఎర్రబడ్డాయి.

"మళ్ళీ ఆ మాట అన్నావంటే..." అని మొదలుపెట్టి, వెనక అద్దంలోంచి ఎయిర్‌పోర్టు వైపు ఒకసారి చూసింది. గొంతు బాగా తగ్గించింది. "ఏం చేస్తానో ఇంటికెళ్ళాక చెప్తా."

దారం ముడివేసి పళ్ళతో కొరికింది. కాలేజీ గేటు దగ్గర టాక్సీ ఆగేసరికి రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. పళ్ళమ్మాయి డబ్బా గుండెకి హత్తుకుని పరుగెత్తింది.