ఇంజను ఆగితేనే గేటు

తన చేతి చెంచాతోనే బిడ్డ చచ్చిపోతుందేమోనన్నదే కెజియా భయం. ఆకలికి కూడా ఆమె అంత భయపడలేదు.

ఇంగ్లండులో, లాంకషైర్ నేతమిల్లులో ఆమెది రెండు ఆవిరి మగ్గాల పని. మొగుడు లేడు. నాలుగు నెలల పాప థర్జా. తెల్లవారి గంట కొట్టేలోపు పాపను కాలువ గట్టున ఉన్న నాన్ ముసలమ్మ గదిలో వదిలి రావాలి. అక్కడ తొమ్మిది మంది పసివాళ్ళు. ఏడ్చే బిడ్డను నాన్ చేర్చుకోదు. అందుకే పది గంటలకు అందరికీ నల్లమందు కలిపిన తీపి మందు, తలా ఒక చెంచా.

సోమవారం, పక్క మగ్గం మార్జరీ కొడుకు ఆ నిద్రలోంచి లేవలేదు. కబురు తెచ్చిన మనిషిని మేస్త్రీ క్రాబ్‌ట్రీ బయటే ఆపేశాడు.

“ఇంజను ఆగితేనే గేటు. రూలంటే రూలే.”

కమ్మీల సందులోంచి కబురు విన్న మార్జరీ, సాయంత్రం ఇంజను ఆగేదాకా ఆ గేటు పట్టుకుని ఏడ్చింది. ఇల్లు చేరేసరికి బిడ్డ చల్లబడి ఉన్నాడు. ఇంట్లో పోయడానికి ఆమెకు మందు సీసా ఇచ్చింది కెజియానే.

బుధవారం తెల్లవారుజామున థర్జా గుక్కపట్టి ఏడిస్తే, కెజియా కూడా అదే మందు ఒక చెంచా పోసింది. నాన్‌కి చెప్పలేదు. చెబితే “ఏడుపుగొట్టుది, తీసుకుపో” అంటుంది. ఇప్పుడు మిల్లు గడియారంలో తొమ్మిది దాటింది. పదికి నాన్ మళ్ళీ పోస్తుంది.

మగ్గాల హోరులో అరిచినా వినపడదు. అక్కడి ఆడవాళ్ళు పెదాలు కదిపి మాట్లాడుకుంటారు, పెదాలు చూసి వింటారు.

“అక్కా, పొద్దున నేనూ పోశాను. నాన్‌కి తెలీదు.”

“చెప్పలేదేమే?” మార్జరీ పెదాలు అడిగాయి.

“సిగ్గేసింది. అక్కా... నీవాడికి సీసా ఇచ్చిందీ నేనే.”

“ఇచ్చింది నువ్వే. పోసింది నేను.” మార్జరీ ఆమె వైపు తిరిగింది. “మన చేత పోయించిందెవరే?”

వెనక వరసలో ఒకామె పెదాలు కదిలాయి: “నేనూ పొద్దున పోశాను.” ఆ వెనక ఇంకొకామె: “నేనూ.” ఒకరి గుట్టు ఒకరికి తెలియక అందరూ పిల్లలకు రెండేసి చెంచాలు పడేలా చేస్తున్నారు!

“మగ్గం వదిలితే రేపు కూడెవడు పెడతాడు? నీ మొగుడా?” గేటు వైపు కదలబోయిన కెజియాను ముసలి డార్కస్ ఎత్తిపొడిచింది.

“నాకు మొగుడుంటే నువ్వెప్పుడో ఎగరేసుకుపోయేదానివి” అంది కెజియా, కళ్ళు తుడుచుకుంటూ. డార్కస్ నవ్వి, తన మగ్గమే ముందు ఆపింది.

“ఏం నములుతున్నారే అందరూ?” క్రాబ్‌ట్రీ పరుగెత్తుకొచ్చాడు.

“గేటు తియ్యి. పిల్లల దగ్గరికెళ్ళాలి” అంది కెజియా.

“ఇంజను ఆగితేనే...”

“అయితే ఆపుదాం పదండే!” అంది మార్జరీ.

ముప్పై మంది బాయిలరు గదిలోకి తోసుకెళ్ళారు. బొగ్గు వేసే సేత్ అడ్డం నిలబడి, “నా పొట్ట కొట్టకండమ్మా” అన్నాడు.

“మేమే నిన్ను తోసేశామని చెప్పు నాయనా.” డార్కస్ నిజంగానే తోసింది.

కెజియా అక్కడున్న సుత్తి ఎత్తింది. మూడో దెబ్బకు బాయిలరు అడుగు బిరడా ఊడింది. మరిగే నీళ్ళు ఆమె చేతులను కాల్చి నిప్పుల మీద పడ్డాయి. నిప్పు ఆరి ఇంజను చక్రం నెమ్మదించింది. ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చాలా ఏళ్ళ తరవాత, ఆడవాళ్ళు ఒకరి గొంతు ఒకరు విన్నారు.

రూలు ప్రకారమే వాచ్‌మన్ గేటు తీశాడు.

మార్జరీ ముందు పరుగెత్తింది. నాన్ చెంచా థర్జా పెదాలకు తాకుతుండగా తోసేసింది. తన కొడుక్కి దక్కని పాలు ఆ పాపకు పట్టింది.

కెజియాను పోలీసులు గేటు దగ్గరే పట్టుకున్నారు. కాలిన చేతులే సాక్ష్యం. “పాప లేచిందా?” అని ఆమె అరుస్తూనే ఉంది. ఈ కబురు పాకి, సాయంత్రానికి ఆ లోయలో మరో నాలుగు మిల్లుల బిరడాలు ఊడాయి.

కెజియా ఇంకా జైల్లోనే ఉంది. మార్జరీ పగలంతా మిల్లు గేట్ల దగ్గర సమ్మె జనంతో నిలబడుతోంది. ఆ గంటల్లో థర్జా మళ్ళీ నాన్ గదిలోనే ఉంటోంది. మందు సీసా ఇంకా ఆ గది అలమరలోనే ఉంది.

కాలువ గట్టు మీదుగా పోయేవాళ్ళు ఎవరైనా సరే, మూడో తలుపు నాన్‌ది, తట్టండి. పాప ఏడుపు వినిపిస్తే సంతోషంగా మీ దారిన మీరు వెళ్ళండి. వినిపించకపోతే మాత్రం లోపలికి వెళ్ళి చూడండి.