గుంట పూడ్చిన ఎండాకాలం

ఆ ఏడు పెడనలో మార్కండేయులుకి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నించుంటే నించోబుద్ధి కాలేదు. ఇల్లు అమ్మాలి. ఏ కాలంలో అమ్మాలో తెలీదు.

మగ్గం ఆపేసి చాన్నాళ్ళయింది. భార్య నాగరత్నం గుడివాడలో ఓ చీరల కొట్లో ఫాల్సు కుట్టే పనికి కుదిరింది. తెల్లారకుండానే అన్నం వార్చి, కేరేజీ పట్టుకుని రైలెక్కుద్ది. దీపాలు పెట్టాక దిగుద్ది. ఈమధ్య దిగినాక స్టేషన్ బల్ల మీద కాసేపు కూర్చుంటే గాని ఇంటిదాకా నడవలేకపోతోంది. ఇల్లమ్మితే గుడివాడలోనే రెండు గదులు కొనుక్కోవచ్చు, ఆవిడకి ఆ రైలు తప్పుద్ది. మార్కండేయులు బుర్రలో ఇంకో మాట లేదు.

ఇంటికి ఒకటే జబ్బు. నడిమి గదిలో మగ్గం గుంట ఉంది. నేసేవాడు కాళ్ళు కిందకి జార్చుకుని కూర్చునే గుంట. వానాకాలమొస్తే దాంట్లో నీళ్ళూరతాయి. బజారులో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటా పోయారు, ఇల్లు పల్లమైపోయింది. వాళ్ళ నాన్న రోజుల్నించీ అంతే. పొద్దున్నే ముంతతో నీళ్ళు తోడి పారబోసి, గోనెపట్టా వేసుకుని నేతకి దిగడం.

అంచేత కాలాలన్నీ తిరగేశాడు. కార్తీకంలో చూపిద్దామంటే తుఫాన్లు. సంక్రాంతి వెళ్ళేదాకా గుంటలో చెమ్మ ఆరదు. ఎండాకాలమైతే ఎండి బీటలు తీస్తుంది, అదే మంచిదనుకున్నాడు. ఎండాకాలం కుళాయి నీళ్ళకి కరువు గదండీ అంది నాగరత్నం. కరువు ఊరందరిదీ, గుంట మనొక్కళ్ళదీ అన్నాడు.

బ్రోకరు తాతారావు ఇంకో ముక్క చెప్పాడు. గుంట చూస్తే కొనేవాడు బెదురుతాడు బావా, పూడ్చెయ్యి అన్నాడు. మగ్గం కర్రలు పక్కవీధి వాళ్ళకిచ్చేసి, మట్టి తోలించి, పైన గచ్చు చేయించాడు మార్కండేయులు. అద్దంలా వచ్చింది. నాగరత్నానికి మాత్రం ఆ గచ్చు మీద కాలు పెట్టాలంటే ఏదోలా ఉండి, కొన్నాళ్ళు గోడవారనే నడిచింది.

ఎండలు ముదిరాక శోభనాద్రి అని దివిసీమ ఆయన వచ్చాడు. కోడూరు దగ్గర రొయ్యల చెరువులు మానేసి, పెడనలో కిరాణా కొట్టు పెట్టుకుందామని. మాట తక్కువ మనిషి. మూడుసార్లు వచ్చి, గోడలు తట్టాడు, మూలలు చూశాడు, మజ్జిగ తాగాడు. ఔననడు, కాదనడు. మూఢం వెళ్ళనియ్యండి అన్నాడు. మూఢం వెళ్తే, ఆషాఢం గదండీ అన్నాడు.

ఇక మార్కండేయులుకి ఆకాశం చూడ్డమే పని. పామర్రు వైపు కాస్త నల్లబడితే గుండె దడ. రోజూ తాతారావుకి ఫోను. పెళ్ళికూతురి తండ్రికి కూడా ఇంత కంగారుండదు బావా అని ఎకసెక్కం చేసేవాడు తాతారావు.

శ్రావణంలో ముసురు పట్టింది. తెరిపి లేదు. గచ్చు మాత్రం చుక్క తడవలేదు. హమ్మయ్య అనుకున్నాడు. మర్నాడు పొద్దున వంటింట్లో నాగరత్నం పిలిచింది. పొయ్యి కింద నీళ్ళు. బియ్యం డబ్బా కింద నీళ్ళు. గోడలు మోకాలెత్తు తడిసున్నాయి. ఆ ఇల్లు కట్టినకాడ్నించీ వంటింట్లోకి నీళ్ళొచ్చింది లేదు.

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నడిమి గది గచ్చు కేసి చూసింది.

"ఇన్నాళ్ళూ ఇంటి నీళ్ళన్నీ ఆ గుంటే తాగిందండీ. దాని నోరు మీరే మూసేశారు."

ఆయన గునపం తెచ్చి గచ్చు పగలగొట్టాడు. ఆవిడ ఆ పూట రైలు మానేసి మట్టి ఎత్తింది. మోకాల్లోతు తవ్వేసరికి ఊట వచ్చింది. తోడుతుంటే తోడుతుంటే, సాయంత్రానికి వంటింట్లో నేల కనపడింది.

సరిగ్గా అప్పుడే గొడుగు మూసుకుంటా శోభనాద్రి గుమ్మంలో నించున్నాడు. వెనకాల తాతారావు. మార్కండేయులు ఒళ్ళంతా బురదతో గుంటలో ఉన్నాడు, చేతిలో ముంత.

తాతారావు తడుముకోలేదు. "సంపు కట్టిస్తున్నాడండీ, మీ కోసమనే" అన్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. నాగరత్నం కూడా మొగుడి మొహం కేసే చూస్తోంది, స్టేషన్ బల్ల మీద కూర్చున్నప్పటి మొహంతో. మార్కండేయులు ముంత గుంట గట్టున పెట్టాడు.

"సంపు కాదండి. మగ్గం గుంట. వానాకాలం రోజూ తోడాలి, లేకపోతే వంటింట్లోకి వస్తాయి. మీ కంట పడకూడదని పూడ్చాను."

శోభనాద్రి చెప్పులిప్పి వచ్చి గుంట అంచున కూర్చున్నాడు.

"నేను మాత్రం నిజం చెప్పానా? మూఢం, ఆషాఢం వంకలండీ. ఉప్పెనలొచ్చే దివిలో పుట్టినోణ్ణి, ఎండలో ఇల్లు చూసి ఎట్టా కొంటాను? వాన కోసం ఆగాను. ఇంత పల్లపు ఇంట్లో వాననీళ్ళు ఎటు పోతాయా అని నాకు నిద్ర పట్టలేదు. నీళ్ళు ఎటు పోతున్నాయో ఇప్పుడు తెలిసింది."

"ఉండండి, తుఫాను కూడా చూసి కొందురుగాని" అంది నాగరత్నం.

ఆయన నవ్వాడు. రోజూ ఎంతసేపు తోడాలన్నాడు. పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపంది ఆవిడ. అయితే చిన్న మోటరు పెట్టుకుంటాను, గుంట మాత్రం మళ్ళీ ముట్టుకోకండన్నాడు. ధర కాస్త తగ్గించమన్నాడు, మార్కండేయులు కాదనలేదు.

దసరాకి గుడివాడ వచ్చేశారు. మేడ మీద రెండు గదులు. నాగరత్నం కొట్టుకి నడిచే వెళ్తోంది.

కార్తీకంలో ఓ రోజు తెల్లారగట్ల వాన మొదలైంది. ఆవిడ లేచేసరికి మార్కండేయులు గది మధ్యలో వంగి, అరచేత్తో నేల తడుముతున్నాడు. మేడ మీదున్నామండీ, పడుకోండి అంది. పడుకున్నాడు గాని అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. తెలతెలవారుతుండగా ఆగలేక శోభనాద్రికి ఫోను కొట్టాడు.

పెడనలో ఇంకా చినుకే పడలేదన్నాడు ఆయన, ఆవలిస్తా.

"అయితే వస్తదండీ. మబ్బు అటే వెళ్తోంది. కరెంటు పోద్దేమో, ముంత చేతికందేచోట పెట్టుకోండి."