కొండెక్కిన మోటారు

ఆవులప్ప తడిగుడ్డతో మోటారు మొహం తుడుస్తున్నాడు. దుమ్ము ఉండకూడదు, బొట్లు చెరగకూడదు. ఈ రెండు ఆజ్ఞలూ ఒకే నోటినుంచి వచ్చినవి కాబట్టి పసుపు కుంకుమల చుట్టూ, బంతిపూల దండ కిందా వేళ్లు దూర్చి తుడవడం తప్ప వేరే దారి లేదు. ముందు చక్రం పక్కన నిన్న పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ, కడుపులో పోసిన కుంకుమతో సహా, తల పగిలిన మనిషిలా పడి ఉంది. విజయదశమి పొద్దున చామరాజపేటలో ఏ వాకిట్లో చూసినా రాత్రి ఖూనీ జరిగినట్టే ఉంటుంది.

మోటారు కొత్తది. ఉగాదికి కొన్నారు. వెనక సీటు మీద కంపెనీవాళ్లు వేసిన కాగితం ఇంకా తియ్యలేదు. దాని యజమాని, ధణి వెంకటగిరియప్ప దానిమీదే కూర్చుని, కదిలినప్పుడల్లా గరగరలాడుతూ, చిక్కపేటలోని బట్టల అంగడికి వెళ్లొస్తుంటాడు.

డ్రైవరు ఆవులప్ప పొట్టి మనిషి. మెడ ఉందో లేదో అనిపించేటట్టు భుజాలమీదే తల పెట్టుకుని ఉంటాడు. ఎడమ చెవి కుడిదానికంటే మందం. పుట్టుకతో వచ్చింది కాదు. ధణిది కుడిచెయ్యి వాటం.

తుడవడం అయ్యాక లోపల కూర్చుని స్టార్టరు లాగాడు. ముసలివాడి గొంతులో కఫం కదిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. రెండోసారి లాగితే అదీ రాలేదు.

ఎందుకో అతనికి తెలుసు. నిన్న ఆయుధపూజలో కత్తిపీటకు, రోకలికి, అంగడి గజంబద్దకు బొట్లు పెట్టాక ధణి తల్లి భాగీరథమ్మ మోటారు ముందుకొచ్చి నిలబడింది. అమ్మవారు ఎదురుగా ఉంటే ఇదేమి కళ్లు మూసుకోనుండాదని, తెరిపించమని చెప్పింది. ఆవులప్ప దీపాలు వేశాడు. హారతి అయ్యాక ఆర్పబోతే ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"పూజకు పెట్టిన దీపాన్ని చేత్తో ఆర్పుతావా అప్పా? దానంతటదే కొండెక్కల్ల."

దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఆ మాత్రం ఆవులప్పకూ తెలుసు. ప్రమిదలో ఉండేది నూనె, మోటారులో ఉండేది బ్యాటరీ అని కూడా తెలుసు. అయితే పెద్దమ్మకు ఎదురు చెప్పినవాడి చెవి ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు. అందుకని వెళ్లి పడుకున్నాడు. మోటారు రాత్రంతా రెండు కళ్లూ విప్పుకుని అమ్మవారి పటాన్ని చూసి చూసి, తెల్లారేసరికి కొండెక్కింది.

ఈరోజు ఆనేకల్లులో ధణి కొత్త అంగడికి ప్రవేశం. రాహుకాలం రాకముందే గడప దాటాలి. మోటారు కదలకపోతే ఆవులప్పకు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంటి వెనక రేకుల గది కూడా. ఆ గదిలో నాలుగు గోడలు, ఒక కిటికీ, చొక్కా తగిలించుకోవడానికి ఒక చిలక్కొయ్య ఉన్నాయి. జట్కా తోలిన రోజుల్లో అతను బండి కిందే పడుకునేవాడు. గుర్రం పోయాక, యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులో క్లీనరుగా చేరి దాని నెత్తిమీద పడుకునేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు భార్య పిల్లమ్మ తలుపు వేసుకుని నిద్రపోతున్నది ఈ గదిలోనే. దానికోసం ఒక చెవి ఎక్కువేమీ కాదని అతని లెక్క.

ధణి జరీపంచె సర్దుకుంటూ వచ్చాడు. ఇంకా స్టార్టు చెయ్యలేదేమని అడిగాడు.

"బ్యాటరీ సచ్చిపోయిండాది ధణీ."

అలవాటైన చెయ్యి అలవాటైన చోట పడింది. ఆవులప్ప టోపీ ఎగిరి గుమ్మడికాయలో పడింది.

"పండగపూట, బొట్టుపెట్టిన బండిముందర నిల్చుకోని ఏం మాట అంటివిరా?"

అరుగుమీంచి భాగీరథమ్మ, దీపాలు కొండెక్కిండాయి, అంతేగదరా అంది. రాత్రంతా వెలిగిండాయంటే అమ్మవారు ఒప్పుకున్నట్టేనని కూడా చెప్పింది. జరిగిందేమిటో ధణికి ఆ క్షణంలో అర్థమైంది. తల్లిని ఏమీ అనలేడు. లేచిన చెయ్యి ఊరికే దిగితే మగవాడికి నామోషీ. రెండో దెబ్బ కూడా ఆవులప్పకే అందింది, మొదటిది మాట అన్నందుకు, ఇది ఆమె మాట విన్నందుకు.

ఆ ఇంట్లో దెబ్బలు కూడా తీర్థంలాగే పెద్దల నుంచి చిన్నలకు వరసగా అందేవి. ధణి ఆవులప్పను కొట్టేవాడు, ఆవులప్ప పిల్లమ్మను కొట్టేవాడు, పిల్లమ్మ కోడిని తన్నేది. జట్కా రోజుల్లో వరసలో చివర గుర్రం ఉండేది. కోటె దగ్గర ఎగువలో అది మోకాళ్లమీద కూలబడితే లేచేదాకా కొట్టాడు ఆవులప్ప. లేచింది. ఎక్కినవాళ్లను దిగాల్సిన చోట దింపింది. స్టాండుకు వచ్చి పడుకుంది, మళ్లీ లేవలేదు. తానేమీ మంచివాణ్ణని అతనెప్పుడూ అనుకోలేదు. కొట్టేవాళ్లూ తినేవాళ్లూ ఉంటారు, రోజును బట్టి మారుతుంటారు అనుకునేవాడు.

నలుగురు తోస్తే దిగువలో అదే అందుకుంటుందని చెప్పి చూశాడు. ధణి మొహం నల్లబడింది. మీద పూలదండలు, చుట్టూ నలుగురు మనుషులు, భుజాలు పట్టి వీధిలో తోసుకుపోతే చూసేవాళ్లకు అది ఏ ఊరేగింపులా కనబడుతుందో ఆవులప్పకు అప్పుడు తట్టింది. ఈసారి దెబ్బ పడకముందే ఇంజను తిప్పే హ్యాండిలు తేవడానికి పరిగెత్తాడు.

డిక్కీలో నూనెకాగితం చుట్టి పడుకోబెట్టిన హ్యాండిలు, మోటారు కొన్నాక బయటికి రావడం ఇదే మొదటిసారి. ముందు కన్నంలో దూర్చి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచాడు. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్లతోబాటు ఒకే పక్కన ఉండాలి. పిడికిలి బిగించి పట్టుకుంటే, ఇంజను ఎదురు తన్నినప్పుడు చెయ్యి విడవదు, విరుగుతుంది. బొగ్గుబస్సు అతనికి నేర్పిన చదువు ఇంతే. తిప్పాడు. దగ్గింది. తిప్పాడు. చెమట బొట్లుబొట్లుగా బంపరు మీది కుంకుమలో పడుతోంది. ఎదురింటి లాయరు అరుగుమీద కాఫీ లోటాతో నిలబడి నవ్వుతున్నాడు, ఇంత మంచి కాలక్షేపం ఆయనకు దసరా పదిరోజుల్లో దొరకలేదు. ఆ నవ్వు ధణి చూశాడు.

వంగి ఉన్న ఆవులప్ప నడుముమీద వెనకనుంచి కాలితో తన్నాడు.

"తిప్పరా నాయాలా, అన్నం తినలేదా?"

ఆవులప్ప ముందుకు తూలి, పడిపోకుండా హ్యాండిలును పిడికిలితో గట్టిగా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ఇంజను ఎదురు తన్నింది. మణికట్టు ఎండుకొమ్మలా విరిగింది. చేతిలోంచి ఊడిన ఇనుము తిరిగొచ్చి ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద పొడిచింది. అతను మట్టిలో కూలబడి, నోరు తెరిచి, గాలి కోసం చేపలా కొట్టుకున్నాడు. లాయరు లోటా పట్టుకుని లోపలికి పోయాడు.

పిల్లమ్మ పొయ్యిదగ్గర నుంచి రాగిముద్ద కెలికే కోలతోనే పరిగెత్తుకొచ్చింది. అప్పటికే చెయ్యి గుమ్మడిపిందెలా వాచింది. దానికింద ఆ కోలనే పెట్టి, చీరచెంగు చించి బిగించి కట్టింది. కడుతూ, మా అమ్మదగ్గరికి సర్జాపురం పోదాం పద, రాళ్లు కొట్టుకోని అయినా బతుకుదాం అంది. గది పోతాదని అతనన్నాడు. పోతే పోనీ, రేకుల గది ఏమి రాజుగారి అరమనా అని ఆమె అంది. ఆవులప్ప ఎడమచేత్తో ఆమె చెంపమీద కొట్టాడు. అలవాటులేని చెయ్యి. దెబ్బ సరిగా తగల్లేదు.

పిల్లమ్మ చెంప కూడా తడుముకోలేదు. "ఇంత బలమే మిగిలిండాది నీకు," అంది. "దీంతో ఆనేకల్లు పోతావా?"

పోయాడు. ఎడమచేత్తో ఇంకోసారి హ్యాండిలు పట్టి, ఈసారి బొటనవేలు జాగ్రత్తగా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కళ్లు మూసుకుని లాగితే ఇంజను అంటుకుంది. భాగీరథమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. అవి ఫట్టుమని చితికాయి. వెనక సీటులో తల్లీకొడుకులతో మోటారు వీధి దాటింది.

దారిపొడుగునా స్టీరింగును కుడి మోచేత్తో నొక్కి పట్టుకుని, ఎడమచేత్తో గేర్లు మార్చాడు. హొసూరు రోడ్డులో ప్రతి గుంటా వచ్చి అతని డొక్కలో పడింది. వెనక సీటు కాగితం గరగరలాడుతూనే ఉంది. చందాపురం దగ్గర మలుపు తిరిగేటప్పుడు నీళ్లు అడిగాడు. వేళ అవుతోందని ధణి అన్నాడు. ఎడమ భుజం ఎందుకో పీకుతోంది. దెబ్బ తగిలింది అక్కడ కాదే అనుకున్నాడు. నుదుటి చెమట చల్లగా ఉంది. పెద్దమ్మ వెనకనుంచి, బండి ఎంత మెత్తగా పోతుండాదో చూడు, అంతా అమ్మవారి దయ అంది.

రాహుకాలం రాకముందే ఆనేకల్లు చేరారు. అంగడి ముందు పందిరి, సన్నాయి, లోపల ఆకులు పరిచిన పంక్తి. దిగుతూ ధణి చెప్పాడు, ఇంజను ఆపకూడదని. ఆపితే రెండో చెయ్యి తానే విరుస్తానని కూడా చెప్పాడు, నవ్వుతూనే. కూపన్ల మీద గీచి గీచి ఇచ్చే పెట్రోలు అలా ఊరికే కాలుతూ ఉంది. ఆవులప్ప సీటులో వెనక్కి వాలాడు. గది నిలబడింది. అది ఒక్కటే అతనికి తెలుస్తోంది, మిగతాదంతా దూరంగా, మందపు చెవితో విన్నట్టుగా ఉంది.

అంగడి గుమాస్తా ఆకులో రెండు హోళిగెలు, అవే బొబ్బట్లు, తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. లోపలికి వచ్చి తినమన్నాడు. ఇంజను చూసుకోవాలన్నాడు ఆవులప్ప. ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మింగడం కష్టమైంది. అయినా పండగపూట పారెయ్యకూడదని మెల్లగా పూర్తి చేశాడు. రెండోదానిమీద మోదుగాకు మడిచి, ఒక్క చేత్తోనే పుల్ల గుచ్చి పొట్లం చేసి, పక్క సీటు మీద పెట్టాడు. ఉదయం కొట్టినదానికి పిల్లమ్మ ఈ పూట మాట్లాడదు. హోళిగె చూస్తే తిట్టడానికైనా నోరు తెరుస్తుంది.

తల తలుపుకు ఆనించాడు. ఇంజను అదురు ఎముకల్లోకి హాయిగా ఎక్కుతోంది.

తాంబూలం నములుతూ ధణి వచ్చాడు, యలహంక నుంచి వచ్చిన వియ్యంకుడికి మోటారు చూపించడానికి. డ్రైవరు నిద్రపోతున్నాడు. వియ్యంకుడి ముందు అది ఎంత మర్యాద తక్కువ. పక్క సీటు వైపు కిటికీలోంచి వంగి చెయ్యి దూర్చి, ఎడమ చెవిమీద ఒకటి వేశాడు. తల పక్కకు తిరిగింది. తిరిగిన తల మళ్లీ రాలేదు. ధణి తన అరచెయ్యి చూసుకున్నాడు. అది చల్లబడి ఉంది.

గుమాస్తా దగ్గరికొచ్చి చూశాడు. "అయ్యో ధణీ, ఈయప్ప సచ్చి..."

"ఆ మాట అనొద్దు." ధణి గొంతు తగ్గించాడు. "అంగడి తెరిచిన దినం. నిద్రపోతుండాడు. పంక్తి లేచేదాకా నిద్రపోతుండాడు, తెలిసిందా?"

తెలిసిందని గుమాస్తా అన్నాడు. ధణి వియ్యంకుణ్ణి లోపలికి నడిపించుకుపోయాడు. ఆవులప్ప తిన్నాడా అని భాగీరథమ్మ అడిగితే, తిని పడుకున్నాడని చెప్పారు. మంచిదప్పా, పొద్దున్నించి కష్టపడినాడు అని ఆమె ఇంకొంచెం నెయ్యి వేయించుకుంది. సన్నాయి ఆగలేదు. ఇంజనూ ఆగలేదు. దాన్ని ఆపడం తెలిసినవాడు ఆ వీధి మొత్తానికి ఒక్కడే.

పక్క సీటు మీద మోదుగాకు పొట్లం ఇంజను అదురుకు అదురుతూ, కొంచెం కొంచెంగా సీటు అంచువైపు జరుగుతూ ఉంది.