రెండు తాళాల బీరువా

బడిలో నర్సు గదిలో ఒక బీరువా ఉంది. దానికి రెండు తాళాలు. ఒకటి సర్కారుది, రెండోది తల్లిదండ్రులది. లోపల బంగారమేమీ లేదు, మందుబిళ్లలే.

గర్భం వస్తుందేమోనన్న భయం ఉన్న ఆడపిల్ల వెంటనే వేసుకోవాల్సిన బిళ్లలవి. వాటిని బడిలోనే ఉంచుతామని సర్కారు అంది. మా పిల్లలకు ఏమివ్వాలో చెప్పడానికి మీరెవరని తల్లిదండ్రుల కమిటీ గేటు ముందు బైఠాయించింది. అయితే ఆ బాధ్యతేదో మీరే చూసుకోండని సర్కారు చేతులు దులుపుకోబోయింది. మరి జీతాలు తీసుకునేది దేనికని కమిటీ మళ్లీ విరుచుకుపడింది. ఆఖరికి రెండు తాళాల దగ్గర రాజీ కుదిరింది. ఒక తాళంచెవి నర్సు దగ్గర, రెండోది కమిటీ పెద్ద దగ్గర. ఇద్దరూ వచ్చి ఎవరి తాళం వాళ్లు తీయాలి. పిల్ల పేరు మాత్రం నర్సు బయటపెట్టకూడదు. అందరూ చప్పట్లు కొట్టి ఫొటో దిగారు. పిల్లల్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా అంటే, అబ్బే, వాళ్లనెందుకు అడుగుతారు!

ఒకరోజు గంట కొట్టకముందే ఒక పిల్ల నర్సు గదికి వచ్చింది. పదిహేడేళ్లుంటాయి. తలుపు దగ్గర నిలబడి ఒక్కసారిగా విషయం చెప్పేసి ఏడ్చేసింది. ఇలాంటి కష్టం నర్సుకు కొత్త కాదు. కానీ ఈ పిల్ల కమిటీ పెద్ద కూతురు.

"అమ్మకి తెలిస్తే చంపేస్తుంది మేడం."

"ఊరుకో. అమ్మలు అలాగే అంటారు గానీ ఎవరూ చంపరు."

"మీకు మా అమ్మ తెలీదు."

తెలియకేం, నర్సుకు బాగానే తెలుసు. బయట మందుల షాపులో కొనిద్దామా అనుకుంది ఒక్క క్షణం. గతేడాది ఒక పిల్లకు అలాగే తన పేరు మీద కొనిచ్చి మెమో అందుకుంది. ఇంకోసారి అలా చేస్తే ఇంటికి పంపిస్తామని చెప్పారు. ఇంట్లో ఆమె సంపాదన మీద బతికేవాళ్లున్నారు. ఛీ, ఏం బతుకిది అనుకుంటూ పిల్లను మంచం మీద కూర్చోబెట్టి, అడ్డంగా తెర లాగి, బడి వెనక వీధిలోకి నడిచింది.

కమిటీ పెద్ద దర్జీ పని చేస్తుంది. అందరూ టైలరక్క అంటారు. బడి పిల్లల యూనిఫారాల్లో సగం ఆమె మిషను మీద కుట్టినవే. మెడలో టేపు, ఆ టేపు పక్కనే దారానికి కట్టిన తాళంచెవి. దాన్ని పతకంలా వేసుకుని తిరిగేది.

"అక్కా, బీరువా తీయాలి."

మిషను ఆగింది. "ఎవరి పిల్ల?"

"చెప్పకూడదు కదక్కా."

"అబ్బో, రూల్సు! ఆ తల్లికి చెప్పావా?"

"పిల్ల వద్దంటోంది."

"వద్దనక ఏం చేస్తుంది! ఆ తల్లి ఏం చేస్తోందట? కన్నది, గాలికొదిలేసింది, ఇక సర్కారే పెంచాలి. నా కూతుర్ని చూడు, తలెత్తి ఒకడి మొహం చూసిందా?"

నోటిదాకా వచ్చిన మాటను నర్సు మింగేసింది. పని కావాలంటే ఈ తిట్లన్నీ పడాలి మరి.

"అక్కా, చదువుకునే పిల్ల. ఆలస్యమైతే ఆ బిళ్ల పనిచెయ్యదు. మీరు తాళంచెవి ఇచ్చేస్తే చాలు, మళ్లీ తెచ్చిస్తాను."

టైలరక్క ఆమె మొహంలోకి చూసింది. నోరు పెద్దదే గానీ మనిషి మరీ రాయి కాదు. కత్తెర పక్కన పెట్టి లేచింది. "నా తాళం నేనే తీస్తా. భయపడకు, పిల్ల మొహం చూడన్లే. ఎవరి బిడ్డయితే ఏంటి, పాపం. ఆడపిల్లే కదా."

ఆ మాటకు నర్సుకు ఏడుపొచ్చినంత పనైంది. దారి పొడవునా దేవుడికి దండాలు పెట్టుకుంటూనే నడిచింది. తెర ఉంది, ఈవిడ చూడనంటోంది. గండం గడిచినట్టే!

గదిలోకి రాగానే టైలరక్క తెర వైపు వీపు పెట్టి నిలబడింది. మాటంటే మాటే. నర్సు తన తాళం తీసింది. టైలరక్క మెడలోంచి తాళంచెవి తీసి రెండో తాళంలో పెట్టబోతే అది చేజారి తెర కిందికి పోయింది. తీసుకోవడానికి వంగింది. తెర కింద రెండు కాళ్లు, యూనిఫారం అంచు కనిపించాయి. పొట్టిదైపోయిందని పోయిన వారమే ఆమె దించి కుట్టిన అంచు. నీలం దారం అయిపోతే ఇంటి పిల్లదే కదా అని నల్ల దారంతో కానిచ్చింది.

వంగిన మనిషి చాలాసేపు లేవలేదు. లేచాక ఎంత మెల్లగా మాట్లాడిందంటే, నర్సుకు అరిచినా బాగుండుననిపించింది.

"బయటికి రామ్మా."

పిల్ల వచ్చింది.

"కడుపు నొప్పా?"

"అమ్మా..."

"కడుపు నొప్పేగా? నర్సమ్మకి చెప్పు."

"అక్కా, కోప్పడకండి," నర్సు అడ్డుపడింది. "తాళం తీసేయండి. ఒక్క బిళ్ల. ఎవరికీ తెలీదు."

"నువ్వుండు. నా కూతుర్ని నేను అడుగుతున్నా. చెప్పవే, నీకు ఆ బిళ్లలతో ఏమైనా పనుందా?"

నర్సు ఆ పిల్ల కళ్లలోకి చూసింది. చెప్పు తల్లీ, ఉందని ఒక్క మాట చెప్పు, ఈ తాళం నేనే పగలగొడతాను అని లోపల్లోపలే బతిమాలింది. పైకి అనే ధైర్యం మాత్రం చాల్లేదు. పిల్ల అమ్మ వైపు చూసింది, బీరువా వైపు చూసింది.

"కడుపు నొప్పే మేడం. తగ్గిపోయింది."

టైలరక్క తాళంచెవి మెడలో వేసుకుంది. కూతురి జుట్టు సరిచేసింది. చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"ఇంకెవరి పిల్లకైనా అవసరమైతే మొహమాటపడకుండా కబురు చెయ్యి నర్సమ్మా," అంది. "ఉన్నపళంగా వచ్చి తీస్తా."