చుక్కల కండె

సాగరు కాలవ ఇంకా రాని రోజులవి. ముప్పాళ్ళలో ఆరోగ్యమ్మ, పున్నమ్మ తోడికోడళ్ళు. దొడ్డి ఒకటే, మధ్యన కంపకంచె. తొలకరి పడగానే ఇద్దరూ ఒక్కపూటే మొక్కజొన్న పెట్టారు. ఆరోగ్యమ్మవి తెల్ల గింజలు. పున్నమ్మవి నూజెండ్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్రవి, దానిమ్మ గింజల్లాంటివి.

ఏటా చర్చిలో మరియమ్మ తల్లి ముందు తొలి కండె పెట్టేది పెద్దకోడలు ఆరోగ్యమ్మే. నిరుడు మాత్రం అత్త కోటమ్మ, చిన్నకోడలి కండె ఎత్తి చూసి, "ఇదే పెడదాం, ఎంత కళగా ఉందో!" అంది. అప్పుడు ఆరోగ్యమ్మ కడుపులో రాజుకున్న నిప్పు ఏడాదైనా ఆరలేదు. నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన పిల్ల!

ఈసారి కండెలు పీచు వేయగానే, అందరూ చర్చిలో పూజకు పోయిన ఆదివారం, ఆరోగ్యమ్మ తలనొప్పని ఇంట్లోనే ఆగిపోయింది. పున్నమ్మ మొక్కల తలల మీది పూత విరిచి తెచ్చి తన కండెల పీచు మీద దులిపింది. తన తెల్లవాటి పూతంతా విరిచి పున్నమ్మ పీచు మీద దులిపింది. తనవి ఎర్రబడాలి, దానివి వెలిసిపోవాలి. అంతే!

"మేక పడ్డట్టుందక్కా," అంది పున్నమ్మ, విరిగిన పూత చూసి.

"ఆఁ, దానికీ నీ ఎరుపే కావాల్సొచ్చింది."

కోతనాడు కోటమ్మ కండెలు ఒలిచింది. పున్నమ్మవి నిండా ఎరుపు, ఒక్క గింజా పాలిపోలేదు. ఆరోగ్యమ్మవి మాత్రం గింజగింజకీ ఎర్ర చుక్కలు, అమ్మవారు పోసినట్టు.

"ఏందే ఆరోగ్యం ఇది? గాలికైతే అక్కడో గింజ ఇక్కడో గింజ మారుద్ది. కండె నిండా మారిందంటే చెయ్యి పడ్డట్టే."

ఆరోగ్యమ్మ తన కండెల మీద గోనెపట్టా లాగింది. కోటమ్మ దాన్ని పక్కకి తీసేసింది.

"కండె మోసే తల్లి ఎర్రదైతే, పూతనిచ్చే తండ్రి తెల్లోడైనా గింజ నిండెరుపే. తండ్రి తెచ్చిన ఎరుపైతే ఇట్టా చుక్కలే. మా అమ్మ కాడ చానా చూశా. నీ పూతా విరిగే ఉంది, దాని పీచు మీదే దులిపుంటావు. దాని ఎరుపు తగ్గిందా?"

ఆ చివరి మాటే ఆరోగ్యమ్మను కాల్చింది.

పున్నమ్మ కండే చర్చికి పోయింది. తిరిగొస్తూ పున్నమ్మ గుప్పెడు ఎర్ర గింజలు తెచ్చి ఆరోగ్యమ్మ చేతిలో పోసింది. "అడిగితే నిరుడే ఇచ్చేదాన్ని గదక్కా!"

తిట్టినా బాగుండేది. ఆమె అటు తిరగగానే ఆరోగ్యమ్మ గింజలు కోళ్ళకి విసిరేసింది. కోళ్ళు ముక్కు పెట్టాయో లేదో, ఉరికి వాటిని తోలేసి, మట్టిలో చతికిలబడి మిగిలినవి ఏరి కొంగున ముడేసుకుంది. కంచె అవతల పున్నమ్మ చూస్తూనే ఉంది. ఈమె మాత్రం తలెత్తలేదు.